వర్డ్‌లో మ్యాటర్ చెడకుండా జరపడం, కాపీ చేయడం ఎలా?

విద్యానగర్‌లో మా డీటీపీ సెంటర్‌కి వచ్చేవాళ్లు ఎక్కువగా యూనివర్సిటీ విద్యార్థులు. తర్వాత ఇంటి అగ్రిమెంట్ల వాళ్లు, అర్జీలు రాయించుకునేవాళ్లు, ఏడాదికోసారి సావనీరు వేసే సంఘాలవాళ్లు. దాదాపు అందరికీ టైపింగ్ వచ్చు. కాపీ, పేస్ట్ కూడా వచ్చు. అయినా అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. "ఈ పేరా అక్కడ పెట్టగానే అక్షరాలు ఎందుకు చిన్నవయ్యాయి?" "కట్ చేశాను, పేస్ట్ కొడితే ఇంకేదో వస్తోంది, నా మ్యాటర్ ఏమైంది?" "నా కంప్యూటర్‌లో తెలుగే, వాట్సాప్‌లో పెడితే ఇంగ్లీషు పిచ్చిరాతలు ఎందుకొస్తున్నాయి?"

ఒక్కొక్కరికీ కౌంటర్ దగ్గర నిలబడి చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను. ముందే ఒక మాట చెప్పాలి. పేస్ట్ చేశాక కనిపించే తప్పుల్లో చాలావరకు సెలెక్ట్ చేసినప్పుడే జరిగిపోయి ఉంటాయి. అందుకే రెండో భాగం కాస్త పెద్దది. దాన్ని మాత్రం దాటేయకండి.

ఇక్కడ చెప్పే మీటలు విండోస్ కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ వర్డ్‌కి సంబంధించినవి. లిబ్రే ఆఫీస్, గూగుల్ డాక్స్‌లో తేడా ఉన్నచోట విడిగా చెప్తాను.

1. చెయ్యి పెట్టకముందు

□ ఎఫ్12 నొక్కి ఫైలును కొత్త పేరుతో సేవ్ చేయండి. పేరులో తేదీ ఉండాలి. "థీసిస్ ఫైనల్", "థీసిస్ ఫైనల్ కొత్తది" అని పెడితే వారం తిరిగేసరికి ఏది ఏదో మీకే తెలియదు.

□ కంట్రోల్ + షిఫ్ట్ + 8 నొక్కండి. పేరా చివరల్లో ¶ గుర్తులు, పదాల మధ్య చుక్కలు కనిపిస్తాయి. చూడటానికి చిరాగ్గా ఉన్నా పని అయ్యేదాకా అలాగే ఉంచండి. ఇవి ప్రింట్‌లో రావు.

□ విండోస్ మీట + వి నొక్కండి. క్లిప్‌బోర్డ్ (కాపీ, కట్ చేసినవి తాత్కాలికంగా ఉండే చోటు) హిస్టరీ ఆన్ చేయమని అడిగితే చేయండి. విండోస్ 10, 11లో ఉంటుంది. ఆన్ చేయకముందు కాపీ చేసినవి అందులో కనబడవు కాబట్టి పని మొదలుపెట్టేముందే చేసుకోవాలి.

□ ఏ పేరా ఎక్కడికి వెళ్లాలో కాగితం మీద రాసుకోండి. రెండు మూడు పేరాలైతే అక్కర్లేదు. అధ్యాయాలే కదిలించాలంటే తప్పకుండా కావాలి.

2. సెలెక్ట్ చేయడం: అసలు పనంతా ఇక్కడే

మౌస్ నొక్కిపట్టి లాక్కుంటూ పోవడం అందరికీ అలవాటు. ఒక పేజీ దాటితే ఆ పద్ధతి పనికిరాదు. స్క్రీన్ ఒక్కసారిగా పరుగెత్తుతుంది, చెయ్యి జారుతుంది, చివరి అక్షరం వదిలేస్తాం.

పొడవైన మ్యాటర్‌కి ఇలా చేయండి:

మొదలయ్యే చోట ఒక క్లిక్ చేసి వదిలేయండి. స్క్రోల్ చేసుకుంటూ చివరికి వెళ్లండి. షిఫ్ట్ నొక్కిపట్టి అక్కడ ఇంకో క్లిక్ చేయండి. మధ్యలో ఉన్నదంతా సెలెక్ట్ అవుతుంది. ఒకటి రెండు అక్షరాలు అటూ ఇటూ అయితే షిఫ్ట్ వదలకుండా బాణం మీటలతో సరిచేసుకోండి. నలభై పేజీలైనా ఇంతే.

చిన్న ముక్కలకు వేరే దారులున్నాయి. పదం మీద రెండు క్లిక్‌లు కొడితే పదం వస్తుంది. మూడు కొడితే పేరా. కంట్రోల్ పట్టుకుని ఒక క్లిక్ కొడితే వాక్యం. ఎడమవైపు ఖాళీ మార్జిన్‌లో ఒక క్లిక్ కొడితే లైను. వాక్యం ఎంచుకునేటప్పుడు మాత్రం ఒకటి గమనించండి. వర్డ్ చుక్కను చూసి వాక్యం అయిపోయిందనుకుంటుంది. "డా. అంబేడ్కర్" అని ఉంటే "డా." దగ్గరే ఆగిపోవచ్చు. అలాంటి వాక్యాలకు షిఫ్ట్ క్లిక్కే నమ్మకం.

మౌస్ సరిగా పనిచేయని పాత లాప్‌టాప్‌లకు ఎఫ్8 ఉంది. ఒకసారి నొక్కితే సెలెక్షన్ మొదలవుతుంది, రెండోసారికి పదం, మూడోసారికి వాక్యం, నాలుగోసారికి పేరా. వద్దనుకుంటే ఎస్కేప్ నొక్కండి. ఎస్కేప్ మర్చిపోయి ఎక్కడ క్లిక్ చేసినా నల్లగా సెలెక్ట్ అవుతూనే ఉంటే చాలామంది కంప్యూటర్ పాడైందని భయపడతారు. ఏమీ కాలేదు, ఎస్కేప్ నొక్కితే చాలు.

ఇప్పుడు ¶ సంగతి. దీన్ని ఉత్త గుర్తు అనుకోకండి. పేరా ఎడమకా మధ్యకా, లైన్ల మధ్య ఎంత దూరం, మొదటి లైను ఎంత లోపలికి, నంబరు ఉందా లేదా, ఇవన్నీ వర్డ్ ఆ గుర్తులోనే దాచిపెడుతుంది. దాన్ని కలుపుకుని కాపీ చేస్తే పేరా రూపం కూడా వెంట వస్తుంది. వదిలేసి కాపీ చేస్తే అక్షరాలు మాత్రం వచ్చి, చేరిన చోట ఉన్న పేరా రూపంలోకి ఒదిగిపోతాయి.

దీన్ని ఒకసారి చేసి చూడండి. మధ్యకు పెట్టిన శీర్షికను ¶తో సహా కట్ చేసి, ఎడమ నుంచి మొదలయ్యే పేరా ముందు పేస్ట్ చేయండి. శీర్షిక మధ్యలోనే ఉంటుంది. కంట్రోల్ + జెడ్‌తో వెనక్కి వచ్చి, ఈసారి ¶ వదిలి అదే పని చేయండి. శీర్షిక పోయి పేరా మొదట్లో అతుక్కుంటుంది. వెనక ఒక ఖాళీ పేరా మిగులుతుంది. "ఎక్కడినుంచో ఖాళీ లైన్లు వస్తున్నాయి" అని మీరు అడిగేది ఆ ఖాళీ పేరాల గురించే.

కాబట్టి నియమం ఇది. పేరా మొత్తం కదలాలంటే ¶ కలపండి. వాక్యమో పదమో కదలాలంటే ¶ వదలండి.

తెలుగుకు ప్రత్యేకమైనది ఇంకొకటి. "స్త్రీ" అని మనకు కనిపించేది ఒకే అక్షరం. కంప్యూటర్‌కు మాత్రం అది ఆరు ముక్కలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. కర్సర్ ఆ అక్షరం మధ్యలోకి పోదు. డిలీట్ నొక్కితే అక్షరం మొత్తం పోతుంది. బ్యాక్‌స్పేస్ నొక్కితే చివరి ముక్క ఒక్కటే పోయి "స్త్ర" మిగులుతుంది. పేస్ట్ చేసిన చోట అతుకు దిద్దేటప్పుడు ఏ మీట నొక్కుతున్నారో చూసుకోండి. గుణింతం ఒక్కటే మార్చాలంటే బ్యాక్‌స్పేస్, అక్షరమే తీసేయాలంటే డిలీట్.

3. కట్ చేయాలా, కాపీ చేయాలా?

కొన్నేళ్ల కిందట, సబ్మిషన్‌కి ముందురోజు రాత్రి, ఒక విద్యార్థి మా దగ్గరే కూర్చుని మూడో అధ్యాయం సర్దుకుంటున్నాడు. నాలుగు పేజీలు కట్ చేశాడు. ఇంకో ఫైల్లో పెట్టాలి. ఈలోపు స్నేహితుడు హాల్‌టికెట్ నంబరు పంపిస్తే దాన్ని కాపీ చేశాడు. మొదటి ఫైలు సేవ్ చేసి మూసేశాడు. రెండో ఫైల్లో పేస్ట్ కొడితే హాల్‌టికెట్ నంబరు వచ్చింది. నాలుగు పేజీలు ఎక్కడా లేవు. ఆ కంప్యూటర్‌లో క్లిప్‌బోర్డ్ హిస్టరీ ఆన్ చేసి లేదు. రాత్రంతా కూర్చుని నోట్సు చూసి మళ్లీ టైపు చేశాం.

అప్పటినుంచి మా దగ్గర పద్ధతి మార్చాను. ఒకే పేజీలో పైకీ కిందికీ జరపడానికి కట్ ఫర్వాలేదు. పేజీ దాటినా, ఫైలు దాటినా ఈ వరస తప్పకూడదు:

1. కంట్రోల్ + సి. కాపీయే, కట్ కాదు.

2. చేరాల్సిన చోటికి వెళ్లి కంట్రోల్ + వి.

3. పేస్ట్ అయిన దాని మొదటి లైను, చివరి లైను చదవండి. రెండూ ఉన్నాయా?

4. ఆ ఫైలు సేవ్ చేయండి.

5. అప్పుడు వెనక్కి వచ్చి పాత మ్యాటర్‌ను తీసేయండి.

రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది. పట్టనివ్వండి.

రెండు ఫైళ్ల మధ్య పనైతే వ్యూ మెనూలో పక్కపక్కన చూపించే ఆప్షన్ ఉంటుంది, అది పెట్టుకోండి. ఒకే పెద్ద ఫైల్లో ముందు పేజీలూ వెనక పేజీలూ ఒకేసారి చూడాలంటే అదే మెనూలో స్ప్లిట్ ఉంది. స్క్రీన్ అడ్డంగా రెండు భాగాలవుతుంది. పైన 5వ పేజీ, కింద 60వ పేజీ పెట్టుకుని పని చేయవచ్చు.

4. పేస్ట్ చేసేటప్పుడు మూడు దారులు

కంట్రోల్ + వి కొట్టగానే పేస్ట్ అయిన మ్యాటర్ చివర చిన్న బొమ్మ ఒకటి కనిపిస్తుంది. దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. కంట్రోల్ మీట ఒక్కసారి నొక్కి వదిలితే అది తెరుచుకుంటుంది. తర్వాత ఒక అక్షరం నొక్కాలి.

కె నొక్కితే: మ్యాటర్ ఏ రూపంలో ఉండేదో అదే రూపంలో వస్తుంది. ఫాంటు, సైజు, రంగు అన్నీ.

ఎం నొక్కితే: చేరిన చోట ఉన్న ఫాంటు, సైజు తీసుకుంటుంది. మీరు బోల్డ్, ఇటాలిక్ చేసిన పదాలు అలాగే ఉంటాయి.

టి నొక్కితే: అక్షరాలు తప్ప ఇంకేమీ రాదు. బోల్డ్ పోతుంది, బొమ్మలు పోతాయి.

నా సలహా: ఒకే ఫైల్లో జరిపేటప్పుడు కె. మీ ఒక ఫైలు నుంచి మీదే ఇంకో ఫైలుకు ఎం. ఇంటర్నెట్, వాట్సాప్, ఈమెయిలు, పీడీఎఫ్, ఇలా బయటినుంచి ఏది తెచ్చినా టి. వెబ్ పేజీ నుంచి నేరుగా తెస్తే కంటికి కనిపించని రంగులు, పట్టికలు, లింకులు వెంట వస్తాయి. తర్వాత ఒక్కొక్కటీ ఏరి తీయడం కంటే ముందే వదిలేసి రావడం మేలు.

మైక్రోసాఫ్ట్ 365 వర్డ్‌లోనూ గూగుల్ డాక్స్‌లోనూ కంట్రోల్ + షిఫ్ట్ + వి కొడితే నేరుగా ఉత్త అక్షరాలే వస్తాయి. పాత వర్డ్‌లలో అదే మీట వేరే పని చేస్తుంది. ఎక్కడ కూర్చుంటామో తెలియనప్పుడు కంట్రోల్, ఆ తర్వాత టి అన్న పద్ధతే గుర్తుపెట్టుకోండి. లిబ్రే ఆఫీస్‌లో కంట్రోల్ + ఆల్ట్ + షిఫ్ట్ + వి.

ప్రతిసారీ ఎంచుకోవడం విసుగైతే ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లండి. కట్, కాపీ, పేస్ట్ అన్న భాగంలో "ఇతర ప్రోగ్రాముల నుంచి" అన్న లైనుకు ఉత్త అక్షరాల ఆప్షన్ పెట్టేయండి. ఒకసారి పెడితే చాలు.

5. క్లిప్‌బోర్డ్ ముట్టుకోకుండా జరపడం

ఒక పేరాను రెండు పేరాల పైకి పంపడానికి కట్ అక్కర్లేదు, పేస్ట్ అక్కర్లేదు. పేరాలో ఎక్కడో ఒకచోట కర్సర్ పెట్టి ఆల్ట్ + షిఫ్ట్ పట్టుకుని పై బాణం నొక్కండి. పేరా మొత్తం ¶తో సహా ఒక మెట్టు ఎక్కుతుంది. కింది బాణం నొక్కితే దిగుతుంది. నంబర్లున్న జాబితాలో చేస్తే నంబర్లు వాటంతటవే సర్దుకుంటాయి. పట్టికలో వరసను ఎంచుకుని చేస్తే వరస కదులుతుంది. ఆహ్వాన పత్రికల్లో వక్తల పేర్ల వరస మార్చడానికి, బయోడేటాలో ఉద్యోగాలు ముందువెనకలు చేయడానికి దీన్ని మించింది లేదు. లిబ్రే ఆఫీస్‌లో ఇదే పని కంట్రోల్ + ఆల్ట్ + బాణం చేస్తుంది.

ఒక జాగ్రత్త. తెలుగు, ఇంగ్లీషు రెండు కీబోర్డులూ పెట్టుకున్న కంప్యూటర్‌లో ఆల్ట్ + షిఫ్ట్ భాష మార్చే మీట కూడా. పేరా జరిపాక టైపు చేస్తే వేరే భాష పడుతుంటే కంగారుపడకండి. మళ్లీ ఆల్ట్ + షిఫ్ట్ నొక్కితే సరి.

దూరంగా జరపాలంటే ఎఫ్2. సెలెక్ట్ చేసి ఎఫ్2 నొక్కండి, వెళ్లాల్సిన చోట క్లిక్ చేయండి, ఎంటర్ కొట్టండి. షిఫ్ట్ + ఎఫ్2 అయితే పాతది ఉండగానే ఇంకో ప్రతి వస్తుంది. దీనివల్ల లాభమేమిటంటే అంతకుముందు మీరు కాపీ చేసి పెట్టుకున్నది క్లిప్‌బోర్డ్‌లో చెక్కుచెదరకుండా ఉంటుంది. చాలా లాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ మీట కూడా కలిపి నొక్కాలి.

మౌస్‌తో పట్టి లాగడం కూడా ఉంది. లాగితే జరుగుతుంది, కంట్రోల్ పట్టుకుని లాగితే కాపీ అవుతుంది. నేనైతే వాడను. ఒక్క అర అంగుళం చెయ్యి జారితే వాక్యం ఇంకో వాక్యం మధ్యలో పడుతుంది, పడినట్టు కూడా తెలియదు.

6. చాలా ముక్కలు ఏరి ఒకచోట పెట్టాలంటే

ఇరవై పేజీల్లో చెదిరి ఉన్న నిర్వచనాలన్నీ తెచ్చి చివర అనుబంధంగా పెట్టాలనుకోండి. ఒక్కొక్కదానికీ వెళ్లిరావడం దండగ.

మొదటి పద్ధతి: ఒక్కొక్క ముక్కనూ కంట్రోల్ + సి కొట్టుకుంటూ పోండి. చివరికి చేరాక విండోస్ మీట + వి నొక్కితే జాబితా వస్తుంది. కావలసినదాని మీద క్లిక్ చేయండి. 25 దాకా ఉంటాయి. కంప్యూటర్ ఆపి మళ్లీ వేస్తే పిన్ చేసినవి తప్ప మిగతావన్నీ పోతాయి. వర్డ్‌లోనే ఉన్న క్లిప్‌బోర్డ్ పెట్టెలో 24 పడతాయి. హోమ్ మెనూలో క్లిప్‌బోర్డ్ అన్న చోట మూలన చిన్న బాణం నొక్కితే తెరుచుకుంటుంది. అక్కడ "పేస్ట్ ఆల్" కొడితే అన్నీ వరసగా దిగుతాయి.

రెండో పద్ధతి పేరు స్పైక్. పాత ఆఫీసుల్లో బిల్లులు ఇనుప చువ్వకు గుచ్చి పెట్టేవాళ్లు చూడండి, అలాంటిది. సెలెక్ట్ చేసి కంట్రోల్ + ఎఫ్3 నొక్కితే ఆ ముక్క అక్కడినుంచి తెగి చువ్వకు ఎక్కుతుంది. ఇంకోటి, ఇంకోటి. చివరికి వెళ్లి కంట్రోల్ + షిఫ్ట్ + ఎఫ్3 నొక్కితే గుచ్చిన వరసలోనే అన్నీ దిగుతాయి, చువ్వ ఖాళీ అవుతుంది. ఇది కట్ చేస్తుంది, కాపీ చేయదు. పాతచోట కూడా ఉండాలంటే ప్రతి ముక్క గుచ్చిన వెంటనే కంట్రోల్ + జెడ్ కొట్టండి. మ్యాటర్ వెనక్కి వస్తుంది, చువ్వకు ఎక్కింది ఎక్కినట్టే ఉంటుంది.

పబ్లిక్ కంప్యూటర్‌లో పని చేసి వెళ్లేముందు విండోస్ మీట + వి నొక్కి హిస్టరీ తుడిచేయండి. ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతా నంబర్లు అలాగే వదిలేసి వెళ్లినవాళ్లను చాలామందిని చూశాను.

7. అధ్యాయం మొత్తం కదిలించడం

దీనికి ముందు మీ శీర్షికలు నిజంగా శీర్షికలై ఉండాలి. అక్షరాలు పెద్దవి చేసి బోల్డ్ కొడితే శీర్షిక కాదు. హోమ్ మెనూలో స్టైల్స్ దగ్గర హెడింగ్ 1, హెడింగ్ 2 ఇవ్వాలి. ఇచ్చాక వ్యూ మెనూలో నావిగేషన్ పేన్ టిక్ పెట్టండి. ఎడమవైపు మీ శీర్షికలన్నీ వరసగా కనబడతాయి.

వాటిలో ఒకదాన్ని పట్టి పైకో కిందికో లాగితే చాలు. దాని కింద ఉన్న పేరాలు, ఉపశీర్షికలు, పట్టికలు, బొమ్మలు, ఫుట్‌నోట్లు అన్నీ వెంట వస్తాయి. ముప్పై పేజీల అధ్యాయం ఒక్క లాగుడుతో కదులుతుంది.

కదిలాక కంట్రోల్ + ఎ, ఎఫ్9. విషయసూచికలో పేజీ నంబర్లు, "పట్టిక 4 చూడండి" లాంటి లింకులు కొత్త నంబర్లకు మారతాయి. చేత్తో టైపు చేసిన నంబర్లు మాత్రం మారవు. వాటిని మీరే వెతికి దిద్దాలి.

ఒకే వాక్యాన్ని జరిపేటప్పుడు ఫుట్‌నోటు సంగతి మర్చిపోకండి. పేజీ అడుగున ఉన్న నోటును కాపీ చేయడం కాదు, వాక్యంలో ఉన్న చిన్న అంకెను కలుపుకుని ఎంచుకోవాలి. అంకె వస్తే నోటు వస్తుంది.

8. బయటినుంచి తెచ్చిన తెలుగు

ఇక్కడే ఎక్కువమంది తలపట్టుకుంటారు.

అను లాంటి పాత ఫాంట్లలో ఉన్న మ్యాటర్. ఇవి యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా, ఫోన్‌లోనైనా తెలుగుగానే చదవగలిగే అక్షరాల పద్ధతి) కావు. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు ఉండాల్సిన చోట తెలుగు ఆకారాలు కూర్చారు. ఆ ఫాంటు ఉన్నంతసేపూ తెలుగు, లేకపోతే పిచ్చిరాతలు. వాట్సాప్‌కి ఆ ఫాంటు లేదు కాబట్టి అక్కడ పిచ్చిరాతలే కనిపిస్తాయి. మ్యాటర్ పాడవలేదు, కన్వర్టర్ అనే ప్రోగ్రాముతో యూనికోడ్‌లోకి మార్చాలి.

1. మ్యాటర్ మీద కర్సర్ పెట్టి ఫాంటు పెట్టెలో పేరు చూడండి.

2. మధ్యలో ఇంగ్లీషు పదాలు, ఈమెయిలు అడ్రసులు ఉంటే వేరే ఫైల్లో రాసిపెట్టుకోండి. కన్వర్టర్ వాటిని కూడా తెలుగనుకుని మార్చేస్తుంది.

3. ముందు ఒక్క పేరా కన్వర్ట్ చేసి చూడండి. ఫాంటు పేరు అడిగితే సరైనదే ఎంచుకోండి.

4. ఒత్తులు, అంకెలు, కొటేషన్ గుర్తులు చదివి చూడండి. బాగుంటేనే మిగతాది చేయండి.

5. వర్డ్‌లోకి ఉత్త అక్షరాలుగా పేస్ట్ చేసి, యూనికోడ్ ఫాంటు పెట్టండి. గౌతమి, నిర్మలా యూఐ, మండలి, ఎన్‌టీఆర్, రామభద్ర, ఏదైనా సరే.

ఫాంటు మార్చినా, సైజు మార్చినా తెలుగు కదలకపోతే కంట్రోల్ + డి నొక్కండి. అక్కడ ఇంగ్లీషు అక్షరాలకు ఒక పెట్టె, కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ అని ఇంకో పెట్టె ఉంటాయి. తెలుగు రెండోదాని మాట వింటుంది.

పొల్లు తర్వాతి అక్షరం ఒత్తుగా మారిపోవడం. "సాఫ్ట్‌వేర్" అని ఉండాల్సింది "సాఫ్ట్వేర్" అయిపోతుంది. ఈ రెంటికీ మధ్య తేడా కంటికి కనిపించని ఒక అక్షరం. అది "ట్", "వే" రెండూ కలవకుండా అడ్డుపడుతుంది. కొన్ని వెబ్‌సైట్లూ కన్వర్టర్లూ దాన్ని మింగేస్తాయి. వర్డ్‌లో మళ్లీ పెట్టాలంటే కర్సర్‌ను "ట్" దగ్గరే పెట్టి 200, దాని పక్కన ఇంగ్లీషు అక్షరం సి టైపు చేసి ఆల్ట్ + ఎక్స్ నొక్కాలి. అక్షరం కలిసిపోయి కర్సర్ మధ్యలోకి వెళ్లకపోతే ఆ పదాన్ని చెరిపి మొదటినుంచి టైపు చేయడమే తేలిక. ఫేస్‌బుక్, హైదరాబాద్‌లో, ఆన్‌లైన్ లాంటి పదాలు మీ మ్యాటర్‌లో ఎక్కువుంటే ఫైండ్ అండ్ రీప్లేస్‌తో ఒక్కొక్క పదాన్నీ ఫైలంతటా ఒకేసారి దిద్దండి.

పీడీఎఫ్. ఇంగ్లీషు పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే అక్షరాలు బాగానే వస్తాయి గానీ ప్రతి లైను చివరా ¶ పడుతుంది. దాన్ని ఒక్కొక్కటిగా చెరపకండి. వేరే ఖాళీ ఫైల్లో పేస్ట్ చేసి కంట్రోల్ + హెచ్ నొక్కండి. మోర్, స్పెషల్‌లో పేరాగ్రాఫ్ మార్క్ దొరుకుతుంది. ముందు వరసగా ఉన్న రెండు పేరా గుర్తులను ## గా మార్చండి. తర్వాత మిగిలిన ఒంటి పేరా గుర్తులను ఒక ఖాళీగా మార్చండి. చివరగా ## ను మళ్లీ పేరా గుర్తుగా మార్చండి. పేరాల మధ్య ఖాళీ లైను ఉన్న పీడీఎఫ్‌లకు ఇది చక్కగా పనిచేస్తుంది.

తెలుగు పీడీఎఫ్ సంగతి వేరు. చాలావాటిలో అక్షరాల ఆకారాలు ఉంటాయి గానీ ఏ ఆకారం ఏ అక్షరమో సరిగా రాసి ఉండదు. కాపీ చేస్తే ఒత్తులు ఒకచోట, గుడులు ఇంకోచోట. దాన్ని దిద్దుతూ కూర్చోవడం శుద్ధ దండగ. పీడీఎఫ్ తయారుచేసినవాళ్లను అసలు ఫైలు అడగండి. దొరక్కపోతే గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి, గూగుల్ డాక్స్‌తో తెరవండి. బొమ్మలోని తెలుగును చదివి అక్షరాలుగా ఇస్తుంది. ఫొటో తీసిన కాగితానికి కూడా ఇదే దారి. వచ్చినదాన్ని మాత్రం పక్కన కాగితం పెట్టుకుని చదవాల్సిందే. ధ, థ, ప, వ ఇలాంటి జంటల దగ్గర ఎక్కువ చూడండి.

వాట్సాప్. ఒక మెసేజ్ కాపీ చేస్తే మ్యాటర్ ఒక్కటే వస్తుంది. నాలుగైదు కలిపి కాపీ చేస్తే ప్రతిదాని ముందూ తేదీ, సమయం, పంపినవాళ్ల పేరు వస్తాయి. సావనీరు సందేశాల మధ్యలో ఇవి అచ్చైపోతే బాగుండదు. ఒక్కొక్కటే కాపీ చేయండి.

9. పాత అగ్రిమెంటు నుంచి కొత్తది

పదకొండు నెలల అద్దె అగ్రిమెంటును ఎవరూ కొత్తగా టైపు చేయరు. పాతది తెరిచి పేర్లు మారుస్తారు. అందులో తప్పు లేదు. ఒకసారి మా దగ్గరికి ఒక అగ్రిమెంటు వచ్చింది, ఇంకెక్కడో చేయించుకున్నది. మొదటి పేజీలో అద్దె రూ.15,000. పక్కనే అక్షరాల్లో "పన్నెండు వేల రూపాయలు". మూడో పేజీలో సంతకం చోట పాత అద్దెదారు పేరు. స్టాంపు పేపరు మీద ప్రింటు కూడా అయిపోయింది.

ఇలా చేయండి:

□ పాత ఫైలు తెరవగానే, ఒక్క అక్షరం మార్చకముందే, ఎఫ్12తో కొత్త పేరు ఇవ్వండి.

□ మారాల్సినవన్నీ కాగితం మీద రాయండి: యజమాని పేరు, తండ్రి పేరు, వయసు, అద్దెదారు వివరాలు, ఇంటి నంబరు, అద్దె, అడ్వాన్సు, మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ.

□ ఒక్కొక్క పాత వివరానికీ కంట్రోల్ + హెచ్. కళ్లతో వెతకవద్దు.

□ "రీప్లేస్ ఆల్" కొట్టకండి. ఒక్కొక్కటీ చూసి మార్చండి. పాత అద్దెదారు ఇంటిపేరు ఇంకెవరి పేరులోనో ఉండొచ్చు.

□ అంకెల్లో ఉన్న ప్రతి మొత్తం పక్కనా అక్షరాల్లో ఉన్నది చదవండి.

□ చివరగా పాత పేరును ఇంకోసారి వెతకండి. ఏమీ దొరకలేదని రావాలి. పేరు వేరే స్పెల్లింగుతో ఉంటే దొరకదు కాబట్టి ఇంటిపేరు విడిగా, అసలు పేరు విడిగా వెతకండి.

□ మామూలు కాగితం మీద ఒక ప్రింటు తీసి యజమానికీ అద్దెదారుకూ చూపించండి. స్టాంపు పేపరు ఆ తర్వాతే పెట్టండి.

10. జరిపాక అతుకు చదవడం

మ్యాటర్ చెక్కుచెదరకుండా చేరినా అర్థం చెదరవచ్చు. కదిలించిన పేరాను, దాని ముందున్న వాక్యాన్ని, వెనకున్న వాక్యాన్ని కలిపి పైకి చదవండి. పాతచోట ఏర్పడిన కంత దగ్గర కూడా అంతే. అంటే ప్రతి కదలికకూ చదవాల్సిన చోట్లు రెండు.

పేరా మొదట్లో "అయితే", "అందుకే", "అంతేకాదు" ఉంటే దేనికి అయితే, దేనికి అందుకే? దాని కారణం వెనక పేజీలోనే ఉండిపోయి ఉంటుంది. "ఆయన", "ఆమె", "అది" అన్న మాటలు ముందు పేరు చెప్పాకే వస్తాయి. ఒక సావనీరులో ఇలాగే జరిగింది. దాతల గురించి ఉన్న పేరా పైకి వెళ్లి, "ఆయన 1998లో స్వర్గస్తులయ్యారు" అన్న వాక్యం బతికున్న అధ్యక్షుల పేరు కింద చేరింది. ప్రూఫు చదివిన పెద్దావిడ పట్టుకున్నారు కాబట్టి ప్రింటుకు పోలేదు.

ఈ మాటలను కంట్రోల్ + ఎఫ్‌తో వెతికి చూడండి: పైన, కింద, పై పేరా, కింది పట్టిక, ముందు చెప్పినట్టు, తర్వాతి అధ్యాయంలో. పైకి వెళ్లిన పేరాలో "పైన చెప్పినట్టు" ఉంటే ఆ చెప్పింది ఇప్పుడు కిందే ఉంటుంది.

అతుకు దగ్గర రెండు చుక్కలు, రెండు ఖాళీలు ఉన్నాయేమో చూడండి. ¶ గుర్తులు ఇంకా కనిపిస్తున్నాయి కదా, ఇట్టే దొరుకుతాయి.

11. తప్పు జరిగిందా? ఇవి చేయండి

కట్ చేసింది పోయింది. వెంటనే ఇంకేమీ కాపీ చేయకండి. కంట్రోల్ + జెడ్ కొడుతూ వెనక్కి వెళ్లండి. సేవ్ చేసినా పనిచేస్తుంది, ఫైలు మూయకపోతే చాలు. మూసేసి ఉంటే విండోస్ మీట + వి చూడండి.

పేస్ట్ చేసిన పేరా రూపం మారింది. పేరాను ఎంచుకుని కంట్రోల్ + స్పేస్, ఆ తర్వాత కంట్రోల్ + క్యూ. మొదటిది అక్షరాల మీద విడిగా పెట్టిన రూపాన్ని, రెండోది పేరా మీద విడిగా పెట్టిన రూపాన్ని తీసేస్తుంది. మొదటిదానితో బోల్డ్ కూడా పోతుంది, మళ్లీ పెట్టుకోవాలి.

పేజీ ఉన్నట్టుండి అడ్డంగా మారింది. మీరు కాపీ చేసినదాంట్లో సెక్షన్ బ్రేక్ (ఇక్కడితో పేజీ అమరిక మారుతుందని చెప్పే గీత) ఉంది. కంట్రోల్ + జెడ్ కొట్టి, ఆ బ్రేక్ గీతను వదిలి మళ్లీ సెలెక్ట్ చేయండి.

నంబర్లు 1 నుంచి కాకుండా 14 నుంచి మొదలయ్యాయి. నంబరు మీద కుడి క్లిక్ చేసి "రీస్టార్ట్ ఎట్ 1" ఎంచుకోండి. ముందున్న జాబితాకు కొనసాగింపు కావాలంటే "కంటిన్యూ నంబరింగ్".

ట్రాక్ చేంజెస్ (చేసిన మార్పులన్నీ గుర్తులతో చూపించే ఆప్షన్) ఆన్‌లో ఉంది, అంతా ఆకుపచ్చ రెండు గీతలు. జరిపిన మ్యాటర్‌ను వర్డ్ అలా చూపిస్తుంది. గైడుకు పంపే ప్రతి అయితే అలాగే ఉంచండి, ఏది ఎక్కడికి వెళ్లిందో వారికి తెలియాలి. ప్రింటుకు పంపే ప్రతి అయితే రివ్యూ మెనూలో అన్ని మార్పులూ అంగీకరించి, ట్రాక్ చేంజెస్ ఆపి, పీడీఎఫ్ చేసుకుని తీసుకురండి. ఇంట్లో ఉన్న ఫాంటు మా కంప్యూటర్‌లో లేకపోయినా పీడీఎఫ్‌లో పేజీలు మారవు.